పీఐడీ గెయిన్లు కాగితం మీద బ్రహ్మాండం, 2 సెకన్ల ఆలస్యం కలిపితే ఫ్రీక్వెన్సీ చేజారిపోతోంది: ఎక్కడ చూడాలి?

సెకండరీలూప్

గ్రిడ్‌లో లోడ్ మారినప్పుడు ఫ్రీక్వెన్సీని తిరిగి సరిచేసే ఏజీసీ (ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్) ట్యూనింగ్ గురించి అడుగుతున్నా. నమూనా అందరూ వాడే రెండు ప్రాంతాల థర్మల్‌దే, ఆ రెండిటినీ కలిపేది టై లైన్. గవర్నర్ 0.08 సె., టర్బైన్ 0.3 సె., పవర్ సిస్టమ్ గెయిన్ 120, దాని కాలం 20 సె., డ్రూప్ (ఫ్రీక్వెన్సీ ఎంత పడితే గవర్నర్ ఎంత పవర్ పెంచాలో చెప్పే నిష్పత్తి) 2.4, బయాస్ (ఫ్రీక్వెన్సీ తేడాని పవర్‌లోకి మార్చే గుణకం) 0.425, టై లైన్ గుణకం 0.545. 60 హెర్ట్జ్ వ్యవస్థ, జడత్వ స్థిరాంకం 5 సె. మొదటి ప్రాంతంలో 0.01 పర్ యూనిట్ (సామర్థ్యంలో 1 శాతం) లోడ్ ఒక్కసారిగా పెంచి, పార్టికల్ స్వార్మ్‌తో (గుంపుగా వెతికే ఆప్టిమైజేషన్ పద్ధతి) పీఐడీ (అనుపాత, ఇంటిగ్రల్, డెరివేటివ్) గెయిన్లు వెతికించాను. లక్ష్య ఫలనం ఐటీఏఈ (కాలంతో గుణించిన తప్పు పరిమాణాల మొత్తం), పరుగు 20 సె., ప్రతి గెయిన్‌కీ హద్దులు 0 నుంచి 2. తేలినవి కేపీ 1.12, కేఐ 1.98, కేడీ 0.61. గ్రాఫ్ చూడముచ్చటగా ఉంది, ఐదారు సెకన్లలో ఫ్రీక్వెన్సీ సున్నాకొచ్చి కూర్చుంటోంది.

టెలిమెట్రీ ఆలస్యం (కొలతలు కంట్రోలర్‌కి చేరడానికి పట్టేది) 2 సె. కలపగానే అంతా తిరగబడింది. డోలనాలు పెరిగిపోతున్నాయి, మళ్లీ వెతికించినా గెయిన్లు ఒక్కో పరుగుకి ఒక్కోలా వస్తున్నాయి. ఆలస్యం కోసం సొంతంగా కోడ్ రాశాను: ఆయిలర్ పద్ధతి (కాలాన్ని చిన్న అడుగులుగా నడిపే లెక్క), అడుగు 0.1 సె., అంటే ఆలస్యం సరిగ్గా 20 అడుగులు.

పక్క విషయం: ఈ సొంత కోడ్‌లో గెయిన్లన్నీ సున్నా పెట్టినా టై లైన్ పవర్ 1.8 సె. కాలంతో నెమ్మదిగా పెరుగుతూ ఊగుతోంది. నమూనాలో డ్యాంపింగ్ లేదా అసలు?

రౌత్‌పట్టిక

స్వార్మ్‌ని పక్కన పెట్టి ముందు చేత్తో లెక్క కడదాం. పీఐడీ వద్దు, ఇంటిగ్రల్ ఒక్కటే. రెండు ప్రాంతాలూ కవలలు కాబట్టి డోలనాలు రెండు రకాలు: రెండూ కలిసి ఊగేది ఒకటి, ఎదురెదురుగా ఊగేది ఇంకొకటి.

కలిసి ఊగేటప్పుడు టై లైన్ తేడా ఉండదు, ఒకే ప్రాంతం లెక్క చాలు. లాక్షణిక సమీకరణం గుణకాలు నాలుగో ఘాతం నుంచి కిందికి: 0.48, 7.624, 20.38, 51, చివరిది 51 × కేఐ. రౌత్ పట్టిక (స్థిరత్వ పరీక్ష) వేస్తే కేఐ 2.25 దాటకూడదు. హద్దు దగ్గర డోలనం 2.59 రేడియన్లు సెకనుకి, కాలం 2.4 సె.

ఎదురెదురుగా ఊగేదానికి ఐదో ఘాతం సమీకరణం వస్తుంది. దాని హద్దు ఇంకా తక్కువ, 1.39. అంటే మీ 1.98 ఇంటిగ్రల్ ఒక్కటే అయితే ఆలస్యం లేకుండానే తప్పిపోయేది. కేపీ, కేడీ పట్టి ఆపుతున్నాయంతే.

ఇప్పుడు 2 సె. ఆలస్యం. తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రైమరీ లూప్ (గవర్నర్ సొంత స్పందన) దాదాపు 0.4 సె. ఆలస్యంలా పనిచేస్తుంది (20.38 ÷ 51). మొత్తం 2.4 సె. కేఐ × 2.4 విలువ పై బై రెండుకి చేరితే కథ ముగిసినట్టే. గెయిన్ కాస్త 1 దాటడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే కలిసి ఊగే డోలనానికి 0.63, ఎదురెదురు దానికి 0.67.

2.25 ఉన్న హద్దు 0.63కి పడిపోయింది. వెతికే పద్ధతిని మార్చి లాభం లేదు.

కంట్రోల్‌గది

పైన చెప్పింది అక్షరాలా నిజం. కేపీ సంగతి కూడా కలుపుతాను, చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. ఏసీఈ (టై లైన్ తేడా, బయాస్ × ఫ్రీక్వెన్సీ తేడా కలిపిన తప్పు) మీద పనిచేసే కేపీ అంటే దాదాపు డ్రూప్‌ని మళ్లీ ఇంకోసారి, అదీ ఆలస్యంగా ఇవ్వడమే. బయాస్ 0.425లో 0.417 డ్రూప్‌దే, మిగతా 0.008 లోడ్‌ది. కాబట్టి కేపీ 1 పెడితే గవర్నర్ పక్కనే అంతే బలమున్న ఇంకో గవర్నర్‌ని, 2 సె. వెనకగా, కూర్చోబెట్టినట్టు. ప్రైమరీ లూప్ సొంత డోలనం 2.5 రేడియన్ల దగ్గర ఉంది. అక్కడ 2 సె. అంటే 5 రేడియన్లు, 286 డిగ్రీలు.

లెక్క కడితే ఈ ఆలస్యంతో కేపీ ఒక్కటే ఉన్నా కలిసి ఊగే డోలనానికి హద్దు 0.9, కాలం 4.9 సె. దగ్గర. మీ 1.12 ఆ ఒక్క కారణంతోనే చాలు. కేడీ సంగతి చెప్పనే అక్కర్లేదు, 2 సె. పాత వాలుని చూసి ముందుచూపు నేర్పడం కుదరదు.

మొదలుపెట్టడానికి: కేపీ 0, కేడీ 0, కేఐ 0.25. ఫేజ్ మార్జిన్ (అస్థిరతకి ముందు మిగిలే వెసులుబాటు) 55 డిగ్రీల దాకా వస్తుంది. తర్వాత కేపీని 0.1 చొప్పున పెంచి చూడండి. 0.3 దాటాక లాభం కంటే వాల్వులు ఊరికే కదలడమే ఎక్కువ.

సెకండరీలూప్

0.25తో నిలబడింది, థాంక్స్. కానీ ఇంత చిన్న గెయిన్‌తో సెటిలింగ్ (కుదురుకునే కాలం) 15 సె. దాటుతోంది. పేపర్లలో 3, 4 సెకన్లు చూపిస్తారు కదా?

కంట్రోల్‌గది

ఆ 3, 4 సెకన్ల పోటీలో దిగకండి. పాత యూరప్ ఉమ్మడి గ్రిడ్ కార్యనిర్వహణ పుస్తకంలో సెకండరీ కంట్రోలర్‌కి (అంటే ఏజీసీకి) సూచించిన విలువలు ఇవి: అనుపాత భాగం 0 నుంచి 50 శాతం, ఇంటిగ్రేషన్ కాలం 50 నుంచి 200 సె. దాన్ని మీ భాషలో రాస్తే కేఐ 0.02 నుంచి 0.005. మీ 1.98కి, దీనికి మధ్య దాదాపు వంద నుంచి నాలుగొందల రెట్ల తేడా.

సెకండరీ పని ఫ్రీక్వెన్సీ పడిపోకుండా పట్టుకోవడం కాదు, అది ప్రైమరీది. పట్టుకున్న గవర్నర్లను విడిపించి, టై లైన్‌ని షెడ్యూల్‌కి తేవడం సెకండరీ పని. దానికి నిమిషాల వ్యవధి ఉంది. తొందరపడితే ప్రైమరీతోనే కుస్తీ పడుతుంది.

గవర్నర్_పిన్

పేపర్లలో సెటిలింగ్ అంత తక్కువ రావడానికి ఇంకో కారణం ర్యాంప్ రేటు (ఉత్పత్తి మారగల వేగానికి పరిమితి) పెట్టకపోవడం. రీహీట్ థర్మల్‌కి పేపర్లలో వాడేది నిమిషానికి 3 శాతం, అంటే సెకనుకి 0.0005. 0.01 లోడ్‌ని అందుకోవడానికే కనీసం 20 సె. పడుతుంది. మరి 4 సెకన్లలో ఎలా కుదురుతుంది?

సెకండరీలూప్ గారూ, ఆ పరిమితి కలిపి చూడండి. అసలు రూపం బయటపడుతుంది.

సెకండరీలూప్

టై లైన్ తీసేసి, ఒక్క ప్రాంతం మీదే టర్బైన్ బ్లాక్‌లో వాలుకి సాచురేషన్ పెట్టి చూశాను. ఫ్రీక్వెన్సీ 0.37 హెర్ట్జ్ దాకా పడింది! పరిమితి లేకపోతే ప్రైమరీ ఒక్కటే ఉన్నా 0.0235 దగ్గర నిలిచేది. ఎక్కడో తప్పు చేశానా?

రౌత్‌పట్టిక

కోడ్ తప్పేమీ కాదు. ఉత్పత్తి సెకనుకి 0.0005 చొప్పున మాత్రమే పెరుగుతుంటే ఫ్రీక్వెన్సీ 0.06t − 2.4 + 2.4 × ఇ ఘాతం (−t/20) దారిలో పోతుంది. కనిష్ఠం 20 × లాగ్ 2, అంటే 13.9వ సెకను దగ్గర, విలువ 0.368. మీకొచ్చింది అదే. ఇంతలో గవర్నర్ అడిగేది 0.15 పర్ యూనిట్, ఇవ్వగలిగేది 0.007. కంట్రోలర్ ఏదైనా అక్కడ చేసేదేం లేదు.

గవర్నర్_పిన్

లెక్క సరే, కానీ ఆ బ్లాక్‌ని టర్బైన్ లోపల పెట్టడమే నాకు నచ్చదు. నిమిషానికి 3 శాతం అనేది బాయిలర్ తట్టుకునే నిలకడైన లోడ్ మార్పు. ఫ్రీక్వెన్సీ పడగానే వాల్వు తెరుచుకుని డ్రమ్‌లో నిల్వ ఉన్న ఆవిరి కొన్ని శాతం పవర్‌ని సెకన్లలోనే ఇస్తుంది, తర్వాతే పీడనం తగ్గి వెనక్కి లాగుతుంది. ప్రైమరీ స్పందన బతికేదే ఆ నిల్వ మీద. దాన్ని కూడా 3 శాతంతో కట్టేస్తే నమూనాలో ప్రైమరీయే చచ్చిపోతుంది.

నేనైతే పరిమితిని ఏజీసీ నుంచి వచ్చే లోడ్ రిఫరెన్స్ మీద పెడతాను. గవర్నర్ దారి వదిలేసి, దానికి వేరేగా మొత్తం కదలికకి ఒక గరిష్ఠం పెడతాను. హైడ్రోకి ఈ గొడవ లేదు, నమూనాల్లో పైకి నిమిషానికి 270 శాతం, కిందికి 360 వాడతారు. దాదాపు పరిమితి లేనట్టే.

టైలైన్

ఇక్కడ వైండప్ మర్చిపోతున్నారు. రిఫరెన్స్ ర్యాంప్ పరిమితిలో చిక్కుకున్న ఆ 20 సెకన్లూ ఏసీఈ సున్నా కాలేదు, ఇంటిగ్రేటర్ మేస్తూనే ఉంటుంది. లోడ్ అందుకున్నాక కూడా ఆ మేసినదంతా కక్కాలి, ఫ్రీక్వెన్సీ అవతలి వైపుకి దాటుతుంది. తర్వాత ఎదురు దిశలోనూ అదే తంతు. చూసేవాళ్లు గెయిన్ ఎక్కువైందనుకుని కేఐ తగ్గిస్తారు, కొంత తగ్గుతుంది కూడా, కానీ జబ్బు అది కాదు.

చేయాల్సింది: కంట్రోలర్ అడిగిన రిఫరెన్స్, పరిమితి దాటి వచ్చిన రిఫరెన్స్, ఈ రెండింటి తేడాని ఇంటిగ్రేటర్‌కి వెనక్కి తిప్పి ఇవ్వండి. ఆ తిప్పే కాలం ఇంటిగ్రల్ కాలంతో సమానంగా మొదలుపెట్టి, సగానికి తగ్గించి చూడండి. మరీ తగ్గిస్తే ఇంటిగ్రేటర్ ప్రతి చిన్న పరిమితికీ ఆగిపోయి ఏసీఈ మిగిలిపోతుంది. అనేక యూనిట్లుంటే సూటి పద్ధతి ఇంకొకటి: ఆ దిశలో కదలగలిగే యూనిట్ ఒక్కటీ లేనప్పుడు ఆ దిశలో ఇంటిగ్రేషన్ ఆపేయడం. ఎదురు దిశలో మాత్రం ఆపకూడదు. ఆ షరతు మర్చిపోయి రెండు వైపులా ఆపేస్తే ఏజీసీ మూగపోయి కూర్చుంటుంది.

ఏజీసీ చక్రం 4 సె. అయితే పట్టి ఉంచే హోల్డ్ వల్ల సగటున ఇంకో 2 సె. ఆలస్యం కలుస్తుంది. కాబట్టి 0.25 కూడా ఎక్కువే, 0.1 దగ్గర మొదలుపెట్టండి.

పెన్‌స్టాక్

థర్మల్ గురించే మాట్లాడుతున్నారు. హైడ్రో యూనిట్ ఏజీసీలో ఉంటే ముందు గవర్నర్‌ని చూడాలి, సెకండరీని తర్వాత. గేటు తెరవగానే పెన్‌స్టాక్‌లో (టర్బైన్‌కి నీరు తెచ్చే గొట్టం) నీరు వెంటనే వేగం అందుకోదు, గేటు దగ్గర పీడనం పడి పవర్ ముందు తగ్గుతుంది, తర్వాత పెరుగుతుంది. నీటి ప్రారంభ కాలం (నీరు వేగం అందుకోవడానికి పట్టేది) 1 సె. ఉన్న ఆదర్శ టర్బైన్ పూర్తి లోడ్ దగ్గర గేటు మార్పుకి మొదటి క్షణంలో రెండింతలు ఎదురు దిశలో స్పందిస్తుంది. 5 శాతం డ్రూప్ ఒక్కటే పెట్టి వదిలేస్తే విడిగా నడిచేటప్పుడు నిలవదు. అందుకే మొదటి సెకన్లలో మాత్రమే పనిచేసే తాత్కాలిక డ్రూప్, అది తగ్గడానికి పట్టే రీసెట్ కాలం పెడతారు.

చేతికి వచ్చే సూత్రాలు:

తాత్కాలిక డ్రూప్ = [2.3 − (నీటి కాలం − 1) × 0.15] × నీటి కాలం ÷ యంత్ర కాలం

రీసెట్ కాలం = [5 − (నీటి కాలం − 1) × 0.5] × నీటి కాలం

యంత్ర కాలం అంటే జడత్వ స్థిరాంకానికి రెండింతలు. దాన్ని 10 సె. అనుకుంటే, నీటి కాలం 1 సె. ఉన్నప్పుడు తాత్కాలిక డ్రూప్ 0.23, రీసెట్ 5 సె. నీటి కాలం 2 సె. అయితే 0.43, 9 సె. శాశ్వత డ్రూప్ 0.05 అలాగే ఉంటుంది. మొదటి సెకన్లలో యూనిట్ ఎనిమిదిన్నర రెట్లు మందంగా స్పందిస్తుందన్నమాట. ఏజీసీ నుంచి వేగంగా పల్సులు కొట్టినా ప్రయోజనం లేదు.

నీటి కాలం స్థిరం కాదు, ప్రవాహంతో పెరుగుతుంది, హెడ్ తగ్గితే పెరుగుతుంది. కాబట్టి పూర్తి లోడ్, కనిష్ఠ హెడ్ దగ్గర ట్యూన్ చేయాలి. సగం లోడ్‌లో ట్యూన్ చేసి బాగుందనుకుంటే పూర్తి లోడ్‌లో ఊగుతుంది.

సెకండరీలూప్

నోట్ చేసుకున్నాను. జడత్వం తగ్గితే గెయిన్లు ఎంత మార్చాలి? సోలార్, విండ్ పెరిగే సందర్భం కోసం అడుగుతున్నా. స్థిరాంకం 5 నుంచి 2.5కి తగ్గించి మళ్లీ స్వార్మ్ నడపాలా?

రౌత్‌పట్టిక

ముందు చేత్తో. సిస్టమ్ కాలం 20 నుంచి 10 సె. అవుతుంది. ఫ్రీక్వెన్సీ పడే తొలి వేగం సెకనుకి 0.06 నుంచి 0.12 హెర్ట్జ్. కలిసి ఊగే డోలనానికి కేఐ హద్దు ఆలస్యం లేకుండా 2.25 నుంచి 1.88. ఆలస్యం ఉంటే హద్దు పెద్దగా కదలదు, ఎందుకంటే అక్కడ పెత్తనం ఆ 2 సెకన్లదే.

దెబ్బతినేది ప్రైమరీ. కేఐ సున్నా దగ్గర డ్యాంపింగ్ నిష్పత్తి 0.46 నుంచి 0.26కి జారుతుంది. సెకండరీ గెయిన్లు ఎంత తిప్పినా అది తిరిగి రాదు. గవర్నర్ డ్రూప్ పెంచడమో, బ్యాటరీ నుంచి వేగవంతమైన స్పందన తేవడమో చేయాలి. బ్యాటరీ ఉంటే ఏసీఈని ఫిల్టర్‌తో చీల్చండి: 60 సె. కంటే నెమ్మదైనది థర్మల్‌కి, మిగతాది బ్యాటరీకి. అప్పుడు బ్యాటరీ చార్జ్ కూడా సున్నా సగటు చుట్టూ తిరుగుతుంది.

గవర్నర్_పిన్

డెడ్ బ్యాండ్ (గవర్నర్ స్పందించని ఫ్రీక్వెన్సీ పరిధి) సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా నెర్క్ (గ్రిడ్ విశ్వసనీయత సంస్థ) మార్గదర్శకంలో 60 హెర్ట్జ్‌కి గరిష్ఠం 36 మిల్లీహెర్ట్జ్. మీ 0.01 లోడ్‌కి ఒక్క ప్రాంతం నమూనా చూపించే తేడా 23.5 మిల్లీహెర్ట్జ్, అంటే మొత్తం డెడ్ బ్యాండ్ లోపలే. నిజంగా 36 పెడితే ఫ్రీక్వెన్సీ అక్కడిదాకా పడి, బ్యాండ్ అంచు నుంచి డ్రూప్ మొదలై, 58.8 మిల్లీహెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. బయాస్ 0.425 అనుకుని కట్టిన ఏసీఈ కూడా అప్పుడు తప్పే, ఎందుకంటే ఆ పరిధిలో అసలు స్పందన 0.01 ÷ 0.0588, అంటే 0.17 మాత్రమే.

బయాస్‌ని డ్రూప్ కాగితాల్లోంచి లెక్కకట్టకుండా, యూనిట్లు ట్రిప్ అయినప్పటి రికార్డుల్లోంచి కొలవాలని అందుకే అంటారు.

టైలైన్

బయాస్ దగ్గర గుర్తుల తికమక కూడా ఉంది. పుస్తకాల్లో ఏసీఈ అంటే టై లైన్ తేడా ప్లస్ బయాస్ × ఫ్రీక్వెన్సీ తేడా, బయాస్ ధనాత్మకం. నెర్క్ సూత్రంలో మైనస్ 10 × బయాస్ × ఫ్రీక్వెన్సీ తేడా, బయాస్ రుణాత్మకం, యూనిట్ 0.1 హెర్ట్జ్‌కి మెగావాట్లు. ఆ 10 అక్కడిది. ఒకదాని సంఖ్య తీసుకెళ్లి ఇంకోదాంట్లో పెడితే గుర్తు తిరగబడుతుంది, లేదా బయాస్ పదింతలు అవుతుంది. గుర్తు తప్పితే వెంటనే తెలుస్తుంది. పదింతల తప్పు మాత్రం గెయిన్ ఎక్కువైనట్టే కనిపించి చాలాసేపు ఏమారుస్తుంది.

పెన్‌స్టాక్

లక్ష్య ఫలనం గురించి ఒక్క మాట. ఐటీఏఈలో హెర్ట్జ్‌ని, పర్ యూనిట్ పవర్‌ని నేరుగా కూడేస్తే టై లైన్ వాటా తక్కువ అంకెలో ఉండి లెక్కకి రాదు. దానికి బరువు పెంచండి, కంట్రోల్ సిగ్నల్ కదలికల మొత్తానికి కూడా జరిమానా వేయండి. కేఐ 1.98 వచ్చి హద్దు 2ని అంటుకుందంటే, జరిమానా లేక స్వార్మ్ గోడకి ఆనుకుంది. హద్దు 5 చేస్తే అది 5 వైపుకి పోతుంది.

సెకండరీలూప్

అవన్నీ చేస్తాను. కానీ నా పక్క విషయం అలాగే మిగిలిపోయింది. గెయిన్లు సున్నా, ఆలస్యం లేదు, పరిమితులు లేవు. టై లైన్ 1.8 సె. కాలంతో ఊగుతూ 30 సె.లో నలభై రెట్లకు పైగా పెరుగుతోంది.

రౌత్‌పట్టిక

అది నమూనా డోలనమే, పెరగడం మాత్రం మీ ఆయిలర్ చలవ. ఎదురెదురు డోలనం మూలాలు −0.504 ± 3.52 జె. డ్యాంపింగ్ నిష్పత్తి 0.14, కాలం 1.78 సె., నిజానికి తగ్గిపోవాలి. ఆయిలర్‌లో ఒక్కో అడుగుకి గుణించేది 1 + అడుగు × మూలం. 0.1 అడుగుతో దాని పరిమాణం 1.0127. ఒకటి దాటింది కాబట్టి పెరుగుతుంది. 300 అడుగులకి 44 రెట్లు, మీరు చెప్పిన అంకే.

ఈ మూలానికి అడుగు 0.08 కంటే తక్కువుండాలి. గవర్నర్ వైపు మూలం −13.3 కూడా ఉంది. 0.1 అడుగుతో అది ప్రతి అడుగుకీ గుర్తు మార్చుకుంటూ తగ్గుతుంది, 0.15కి అదీ ఎగిరిపోతుంది. నాలుగో క్రమం రుంగే కుట్టా వాడండి, లేదా అడుగు 0.01 చేయండి. ఆలస్యం అప్పుడు 200 అడుగులు. ఆలస్యం కలిపాక మీరు వెతికించిన గెయిన్లన్నీ ఈ దొంగ డోలనాన్ని అణచడానికి వచ్చినవే, పారేయండి.

సెకండరీలూప్

0.01కి మార్చాను. గెయిన్లు సున్నాతో టై లైన్ 8 సె. లోపే అణిగిపోయింది. కేఐ 0.25తో మళ్లీ మొదలుపెడుతున్నా, ఈసారి చక్రం 4 సె. కూడా కలిపి.

టైలైన్

చక్రం కలిపితే 0.1. మళ్లీ చెబుతున్నా.